నార కట్టిన మొక్క

పద్దెనిమిదో మలుపు దాటేసరికి సుకురు సంచి సగం నిండింది.

పూలు చూడవచ్చేవాళ్ళ మొదటి జట్టు కింద బయలుదేరడానికి ఇంకా రెండు గంటలుంది. దారికి ఆ పక్క ఆరడుగులు, ఈ పక్క ఆరడుగులు. మెడలో వేలాడే పేరద్దాన్ని పూసిన ప్రతి మొక్క ముందూ పట్టాలి. అద్దం ‘హిమ ప్రిములా’ అంటే వదిలెయ్యాలి. ‘కొండ జెరానియం’ అంటే వదిలెయ్యాలి. ‘పేరు లేదు’ అంటే పీకెయ్యాలి. పదకొండు వేసవుల నుంచి ఇదే పని. కాగితాల్లో దీన్ని మార్గశుద్ధి అంటారు. పీకే మొక్కని అనామికం అంటారు. ఇంత అందమైన మాటలు పెట్టినవాడు జన్మలో ఒక్క మొక్క కూడా పీకి ఉండడు.

“పేరు లేదు,” అంది అద్దం. దానిది ఎప్పుడూ ఒకే గొంతు, నిద్ర చాలిన ఆడమనిషి గొంతు. సుకురు వంగాడు. నాలుగు రేకుల పచ్చపువ్వు. మూడేళ్ళ కిందట దీనికి అయిదు రేకులుండేవి, పేరూ ఉండేది. కత్తిమొన వేరు కింద పోనిచ్చి, మట్టితో సహా లేపి సంచిలో పెట్టుకున్నాడు. సంచి అడుగున తడినాచు పరిచి ఉంది.

ఏటేటా ఎండ ముదురుతోంది. పూలు ఏడాదికి ఇంత అని కొండ పైకి ఎక్కుతున్నాయి. ఎక్కలేనివి రేకులు తగ్గించుకుంటున్నాయి, రంగు మార్చుకుంటున్నాయి. అలా మారి బతికినదాన్ని అద్దం గుర్తుపట్టదు. బతకడం నేర్చినదాన్ని వెతికి పీకడమే ఈ తొమ్మిదో దారి మీద సుకురు ఉద్యోగం.

దారి మొదట్లో ఒక స్తంభం ఉంది. దాని మీద వంద అని వెలుగుతూ ఉంటుంది. జనం ఈ దారిలో చూసిన ప్రతి పువ్వుకీ అద్దం పేరు చెప్పగలిగిందని దాని అర్థం. ఒకటి తప్పితే తొంభై తొమ్మిది అవుతుంది, దిగువ కేంద్రంలో గోల మొదలవుతుంది. ఒకే రోజు ముప్పై తప్పితే దారి దానంతటదే మూసుకుపోతుంది. అప్పుడిక అద్దం కొత్తగా చదువుకోవాలి. అది చదువుకున్నన్నాళ్ళూ, అంటే వచ్చే వేసవి దాకా, ఆ వాలు మీద మనిషి కాలు పడకూడదు. పీకేవాడి కాలైనా సరే. సుకురు ఈ కొండకి వచ్చిన మొదటి ఏడాది, ఈ పనిలో చేరకముందు, ఏడో దారి అలాగే మూతపడింది. మరుసటి వేసవి తెరిచేసరికి అక్కడ పూలు మోకాళ్ళ దాకా ఉన్నాయి, అద్దానికి అన్నింటి పేర్లూ వచ్చాయి. కానీ ఒక వేసవి జనం రాకుండా పోయారు కదా. అందుకని కేంద్రం వాళ్ళు తేల్చుకున్నారు, అద్దానికి చదువు చెప్పించడం కంటే మొక్కలు పీకించడం తేలికని.

పీకినవాటిని కేంద్రం పొయ్యిలో కాల్చాలని నియమం. సుకురు వాటి బదులు ఎండుగడ్డి కాలుస్తాడు. మొక్కల్ని ఇరవయ్యో మలుపు అవతల, బల్లరాయి వెనక ఉన్న గండిలో నాటుతాడు. దయ కొద్దీ చేసే పని కాదది. పాడేరు కొండల్లో చిన్నప్పటి నుంచీ చోడి నారు, అంటే రాగి నారు, తీసి నాటిన చెయ్యి. వేరున్న మొక్కని పారెయ్యడం ఆ చేతికి రాదు. రోడ్డు పనికని కూలి జట్టుతో ఇంత దూరం, ఈ మంచుకొండల దాకా వచ్చాడు. రోడ్డయిపోయింది. జట్టు వెళ్ళిపోయింది. పూలు చూడవచ్చే తెలుగు జట్లకి తెలుగు మనిషి కావాలంటే ఇతను ఉండిపోయాడు. ఉండి ఏం ఉద్ధరించావంటే, పీకాను అని చెప్పాలి. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా సుకురుకి కేంద్రం వాళ్ళ మీద కంటే తన మీదే ఎక్కువ రోత పుడుతుంది.

ఇరవయ్యో మలుపులో ఆగాడు.

అది పూసింది.

అయిదేళ్ళ కిందట దాన్ని చూసినప్పుడు అరచేతిలో పట్టేంత ముళ్ళాకుల గుత్తి. అద్దం పువ్వునే చూస్తుంది, ఆకుని చూడదు కాబట్టి దాని జోలికి పోలేదు. నీలి గసగసాల మొక్క అని సుకురుకి తెలుసు. నాలుగైదేళ్ళు ఆకుగా కూర్చుంటుంది. ఒక్కసారి పూస్తుంది. గింజ రాల్చి చచ్చిపోతుంది. ఒకప్పుడు ఈ వాలంతా నీలంగా ఉండేది. ఏడాదికేడాది తగ్గి తగ్గి ఇదొక్కటి మిగిలింది. గండిలో కూడా ఈ జాతి లేదు. దీని వేరు నేలలోకి మూరెడు దిగి ఉంటుంది, కదిపితే బతకదు.

పూసింది గాని నీలంగా పూయలేదు. రేకులు మీగడ రంగులో ఉన్నాయి. నీలమంతా అడుగుకి దిగి, గోటి మీద సిరా మరకంత మిగిలింది.

అద్దం పట్టాడు.

“పేరు లేదు.”

మళ్ళీ పట్టాడు. పక్కనుంచి పట్టాడు, కింది నుంచి పట్టాడు.

“పేరు లేదు. పేరు లేదు.”

“నీ మొకం,” అన్నాడు సుకురు.

చెవిపూస గరగరలాడింది. అందులో మాట్లాడేది దిగువ కేంద్రం మేనేజరు గణపతిరాజు. ఈ కొండకి మేనేజరై నాలుగేళ్ళయింది, కొండ ఎక్కడం మటుకు ఇంకా మొదలుపెట్టలేదు.

“సుకురూ, ఇరవై దగ్గర మూడుసార్లు అనామికం చూపిస్తోంది. పీకేశావా?”

“నేదు బాబూ. ఇది నీలి గసగసాలే.”

“అద్దం కాదంటోంది కదయ్యా.”

“అద్దానికేటి తెలుసు బాబూ? అయిదేళ్ళ నుంచి నాను సూత్తన్నాను.”

“నువ్వు చూస్తే ఎవడిక్కావాలి? పీకెయ్. ఎనిమిదింటికి సర్వోత్తమరావు గారి జట్టు బయలుదేరుతోంది. ఆయన మామూలు మనిషి కాదు.”

“ఇరవై రోజులొగ్గీండి బాబూ. గింజ రాలితే దానంతటదే సచ్చిపోద్ది. ఈ వాలు మీద ఇంకోటి నేదు.”

“ఇరవై రోజులు వంద పోగొట్టుకుని కూర్చోమంటావా? పీకుతావా, నన్ను రమ్మంటావా?”

“రాండి బాబూ. దారి సూపిత్తాను.”

గణపతిరాజుకి తన మోకాళ్ళు గుర్తొచ్చి ఉంటాయి. “రేపు పొద్దున్నే పదో దారి మనిషిని పంపుతాను,” అన్నాడు. “వాడు పీకుతాడు. ఆ తరవాత నీ సంగతి చూస్తాను.” పూస ఆగిపోయింది.

పదో దారి మనిషి పీకుతాడు. పీకకపోవడం వాడికి తెలియదు.

సుకురు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాళ్ళ ఊళ్ళో పంట కోతకి ముందు, విత్తనానికి వదిలిన మొక్కకి నార కడతారు. కట్టాక దాన్ని ఎవరూ ముట్టరు. ఆకలి ఎంతున్నా ముట్టరు, ఊరి పెద్ద అయినా ముట్టడు. ఇక్కడ నారెక్కడిది? కప్పుకున్న కంబళి అంచు నుంచి ఎర్రపోగు ఒకటి లాగాడు. ముళ్ళు గుచ్చుకోకుండా చూసుకుంటూ, కాడ చుట్టూ రెండు చుట్లు చుట్టి వదులుగా ముడేశాడు.

ముడి పడ్డాక గాని తను ఏం చేశాడో అతనికి తెలియలేదు. కట్టినవాడు కాపు కాయాలి. రేపు పొద్దున్న దాకానే గడువు.

లేచి బల్లరాయి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత సంచిలోవాటిని గండిలో నాటేసి, జట్టు కోసం వచ్చి మలుపులో కూర్చున్నాడు. ఇరవై నుంచి పైకి జనాన్ని నడిపించేది కూడా అతనే.

పదిన్నరకి వచ్చారు ఎనిమిది మంది. గంటల చప్పుడు ముందొచ్చింది. జనం కళ్ళకి పెట్టుకునే అద్దం ఒక కొత్త పేరు చెప్పినప్పుడల్లా ఒక గంట మోగుతుంది. నలభై మోగితే నిండినట్టు. నిండినవాళ్ళకి వచ్చే ఏడు మళ్ళీ చల్లసెలవు, నెలన్నర కొండ మీద ఉండొచ్చు. నిండనివాళ్ళు కింద బెజవాడలోనో గుంటూరులోనో మాడుతూ ఉండాలి. అందుకని పువ్వు కనబడగానే జనం ముఖం దాని మీదికి వంచుతారు, గంట మోగగానే ఎత్తేస్తారు. కోళ్ళు గింజలేరినట్టు ఏరుకుంటూ పోతారు. పదకొండేళ్ళలో గంట మోగాక కూడా పువ్వుని చూసిన మనిషి సుకురుకి తగల్లేదు.

“ముప్పై తొమ్మిది!” అని అరుస్తూ వచ్చాడు సర్వోత్తమరావు. శీతల గిడ్డంగులున్న ఆసామి. కొత్త బూట్లు, ఎర్రబడ్డ మెడ. “ఇంకొక్కటి. ఏమయ్యా పెద్దాయనా, నీలి గసగసాలు ఇక్కడేనట కదా?”

“ఇక్కడే బాబూ. అదే.”

సర్వోత్తమరావు వంగాడు.

“పేరు లేదు,” అంది ఆయన అద్దం.

“ఏమిటిది?” అద్దాన్ని చొక్కాతో తుడిచాడు. “నీలం ఏదీ? నీలి గసగసాలన్నాక నీలం ఉండొద్దూ?”

“ఈ ఏడు ఇలగ పూసింది బాబూ.”

“దాని ఇష్టమా? పుస్తకంలో నీలం అనే వేశారు!”

“అది సదువుకోనేదు బాబూ.”

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. సర్వోత్తమరావు మెడ ఇంకా ఎర్రబడింది. “అసలిది ప్లాస్టిక్కో ఏమో,” అంటూ కాడ పట్టుకు లాగబోయాడు. అరిచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేళ్ళ నిండా ముళ్ళు.

“ప్లాస్టిక్కేనా బాబూ?” అన్నాడు సుకురు.

మిగతా ఏడుగురూ వరసగా వంగారు. ఏడు అద్దాలూ ఒకే గొంతుతో ఒకే మాట చెప్పాయి. హైమవతి అని, తెల్లటోపీ పెట్టుకున్న ఆవిడ మాత్రం ఒక క్షణం ఎక్కువ వంగి ఉంది.

“ఈ ఎర్రదారం ఎవరు కట్టారు తాతా?”

“నానే అమ్మా. యిత్తనానికి ఒగ్గేను.”

“మరి దీని పేరేమిటి? నువ్వు చెబితే రాసుకుంటాను.”

“పేరెందుకమ్మా? మీ పేరేటని అది అడిగిందా?”

ఆవిడ మూతి ముడుచుకుని లేచింది. చెవిపూసలో గణపతిరాజు మొదలెట్టాడు. “తొంభై తొమ్మిదికి పడింది, సుకురూ! చెప్పానా? ఆయన్ని ముందుకి తీసుకుపో. బ్రహ్మకమలం చూపించు, నలభై నిండుతుంది. పో, పో.”

అదీ నిజమే. ముందుకి తీసుకుపోతే గంట మోగుతుంది. సర్వోత్తమరావు సంతోషిస్తాడు. రేపు పదో దారి మనిషి వస్తాడు. ఎల్లుండికి స్తంభం మీద వంద వెలుగుతుంది. వీళ్ళందరూ బాగుంటారు. తనూ బాగుంటాడు, గడ్డి కాలుస్తూ.

“ఇంకా ఉన్నాయి బాబూ,” అన్నాడు సుకురు గట్టిగా. “మీరెక్కడా సూడనియి. ఆ బల్లరాయి ఎనకాల. సానా ఉన్నాయి.”

“నా నలభై నిండుతుందా?” అన్నాడు సర్వోత్తమరావు, వేలు చప్పరిస్తూ.

“రాండి. రాయి మీదే నిలబడండి. కిందకి కాలెట్టకండి, జారిపోతారు.”

“సుకురూ, అటు దారి లేదు,” అన్నాడు గణపతిరాజు చెవిలో. “సుకురూ! ఎటు తీసుకుపోతున్నావు?”

ఎనిమిది మందీ బల్లరాయి ఎక్కారు. కింద గండి. పదకొండు వేసవుల పని. నాలుగు రేకుల పచ్చపూలు, తెల్లబడ్డ ఊదాపూలు, ఆకుకి అంటుకుని పూసిన పొట్టి జెరానియాలు, వేలెడు కాడ మీద చెంబంత పూసినవి. రాయి అంచు నుంచి మంచు కరిగే చోటు దాకా, అడుగు పెట్టడానికి సందు లేకుండా.

జనం అలవాటు కొద్దీ ముఖాలు వంచారు.

“పేరు లేదు,” అంది ఒక అద్దం. “పేరు లేదు,” అంది రెండోది. ఆ తరవాత ఎనిమిదీ కలిసిపోయాయి. పేరు లేదు పేరు లేదు పేరు లేదు. గండి ఆ మాటని తిరిగి పలికింది. జనం తల తిప్పితే అద్దాలు మరో పువ్వు చూశాయి. ఒక్క గంట మోగలేదు.

“ఇది మోసం!” అని కేకేశాడు సర్వోత్తమరావు. “ఫిర్యాదు చేస్తాను. అందరూ చెయ్యండి. ఒక్కటి వదలకండి, ప్రతి పువ్వు మీదా పెట్టండి ఫిర్యాదు!”

సుకురు నమ్ముకున్నది దాన్నే. ఈ జనం పువ్వుని చూస్తారని అతనికి నమ్మకం లేదు, ఫిర్యాదు మటుకు మానరు, దానికి ఒక్కో పువ్వునీ అద్దానికి చూపించాలి. ఎనిమిది మందీ కోపంతో ఎడాపెడా తలలు తిప్పుతూ, వెతికి వెతికి పెట్టారు.

“ఎనభై,” అంటున్నాడు గణపతిరాజు. “డెబ్భై అయిదు. వాళ్ళ కళ్ళు మూయించవయ్యా! డెబ్భై ఒకటి. నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, సుకురూ.”

ముప్పయ్యోది ఏ పువ్వో ఎవరూ చూడలేదు. అద్దాలన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి. కింద లోయలో స్తంభం కూత పెట్టింది. అదే నిద్ర చాలిన గొంతు కొండంతా వినబడేలా చెప్పింది: తొమ్మిదో దారి మూసివేయబడింది. సందర్శకులు, సిబ్బంది సాయంత్రంలోగా దిగిపోవాలి. వచ్చే వేసవి వరకు ప్రవేశం లేదు.

“మరి నా నలభై?” అన్నాడు సర్వోత్తమరావు.

“ఈ ఏటికి నేదు బాబూ,” అన్నాడు సుకురు.

జనం తిట్టుకుంటూ దిగారు. సుకురు అందరి వెనకా నడిచాడు. ఇరవయ్యో మలుపులో ఆగి, ముడి జారిందేమో చూశాడు. జారలేదు. మీగడ రంగు రేకుల్లో ఒక తేనెటీగ దూరి ఉంది. దానికి అద్దం లేదు.

స్తంభం దగ్గరికి వచ్చేసరికి చెవిపూస మళ్ళీ గరగరలాడింది.

“నీ పని పోయింది.”

“తెలుసు బాబూ.”

“నా పని కూడా పోతుంది, తెలుసా? పైవాళ్ళు అడుగుతున్నారు. పేరులేనివి అన్ని ఎక్కడినుంచి వచ్చాయి, ఏం మొక్కలవి అని. సాయంత్రంలోగా రాసి పంపాలట.” గొంతు తగ్గించాడు గణపతిరాజు. ఇన్నేళ్ళలో అతను అలా అడగడం అదే మొదలు. “అన్నీ నువ్వు చూసినవే కదా. అవేమిటో కొంచెం చెప్పు, సుకురూ. నేను రాసుకుంటాను.”

సుకురు కత్తి తీసి స్తంభం మొదట్లో పెట్టాడు. సంచి దులిపి దాని పక్కన పెట్టాడు. మెడలోంచి పేరద్దం తీసి ఆ రెండింటి మీదా బోర్లించాడు.

“అద్దాన్నడగండి బాబూ,” అన్నాడు. చెవిపూస ఊడదీసి అక్కడే పారేసి దిగిపోయాడు.