క్రైన్ మావయ్య పక్కన మారిట్ పేరు

"నీళ్ళ అడుగున సిలిండర్‌లో గాలి అయిపోతే ఏం చేస్తావే?"

ఈ మాట నేనన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. మా మారిట్ వంటింటి టేబుల్ మీద బొనైర్ ద్వీపం మ్యాపు పరిచింది, అంతే.

"పక్కవాళ్ళ గాలి పీలుస్తానమ్మా. జంటగా దిగేది అందుకేగా."

"పక్కవాడు చూసుకోకపోతే?"

"విస్సె చూసుకోకపోవడమా!" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు. దాంతో ఇంకో భయం పట్టుకుంది.

మా ఊరు జీరిక్‌జేలో సముద్రం బఠానీ సూప్ రంగులో ఉంటుంది. నీళ్ళలో చెయ్యి చాస్తే వేళ్ళు కనపడవు. అందులోకి దూకడానికి మా డైవింగ్ క్లబ్బు వాళ్ళు ప్రతి ఆదివారం గట్టు మీద వరస కడతారు. ఈ ఏడు మాత్రం వెచ్చటి నీళ్ళ మీదికి మనసు పోయింది. జనవరిలో బొనైర్‌కి, పది రోజులు, పన్నెండు మంది. ప్లాను మొత్తం విస్సెకి అప్పజెప్పారు.

విస్సె పడవల రిపేరు షెడ్డులో పనిచేస్తాడు. రెండేళ్ళ కిందట క్లబ్బులో మొదటిరోజే మా పిల్లతో "నీ బెల్టు వదులుగా ఉంది" అన్నాడట. "నీ నోరు కూడా" అందట ఇది. అప్పట్నుంచీ నీళ్ళలోకి ఎప్పుడు దిగినా వాళ్ళిద్దరూ ఒక జంట.

బుధవారం బుధవారం మా వంటింట్లోనే ప్లానింగు. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళకి ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసేస్తాం. విస్సె కోసం ఆ మూత రెండోసారి కూడా తీసేదాన్ని. ఇంకెవరికీ తీయలేదు.

"రోజుకి మూడు డైవ్‌లు," అనేవాడతను.

"నాలుగు," అనేది ఇది.

"మూడే. రక్తంలో బుడగలొస్తే నువ్వు చూసుకుంటావా?"

"బుడగలా!" అని నేను గిన్నె వదిలేశాను.

"రావు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

మారిట్ మ్యాపు మీద వేలు పెట్టింది. "రోడ్డు పక్కన డైవింగ్ చోట్లకి గుర్తుగా పసుపు రంగు రాళ్ళుంటాయట. ట్రక్కు ఆపుకుని అక్కణ్ణుంచే నీళ్ళలోకి నడిచిపోవచ్చు. మొదటి రాయి దగ్గర మనిద్దరమే ముందు దిగాలి. రెండేళ్ళుగా ఇక్కడ నీ చెయ్యి తప్ప నాకేమీ కనపడలేదు. అక్కడ ముప్పై మీటర్లు కనపడుతుందట. నిన్ను మొత్తం చూడాల్సొస్తుంది, నా ఖర్మ!"

విస్సె కళ్ళెత్తి చూశాడు. చటుక్కున దించేసి పెన్సిల్ వంక చూసుకున్నాడు. వాన కిటికీ అద్దాన్ని తడుతూనే ఉంది. ఆ పెన్సిల్‌లో అంతసేపు చూడ్డానికి ఏముందో!

"జంటల లిస్టు రాసేటప్పుడు క్రైన్ మావయ్యనీ అత్తయ్యనీ పక్కపక్కన రాయకు. మళ్ళీ తిడతాడు," అంది మారిట్.

క్లబ్బు పెట్టింది క్రైనే, అక్కడ అందరికీ మావయ్య. ఇప్పుడు డెబ్బై దాటాయి. భార్యాభర్తలనీ, ప్రేమలో ఉన్నవాళ్ళనీ ఒకే జంటగా దించకూడదని మొదటిరోజే నియమం రాశాడు. నీళ్ళలో వాళ్ళ కళ్ళు గాలి ఎంతుందో చూపే ముల్లు మీద ఉండవు, మనిషి మీదే ఉంటాయని ఆయన వాదన. అందుకే నలభై ఏళ్ళలో తన భార్యతో ఒక్కసారి కూడా జంటగా దిగలేదు.

విస్సె చేతిలో పెన్సిల్ ముక్కు విరిగింది.

గురువారం అందరి ఫోన్లకీ లిస్టు వచ్చింది. విస్సె పక్కన కొత్తగా చేరిన పళ్ళ డాక్టరు. క్రైన్ పక్కన మారిట్.

"బురద నీళ్ళకి నేను కావాలి!" మారిట్ అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. "రెండేళ్ళు! నీలం నీళ్ళు వచ్చేసరికి పళ్ళ డాక్టరా?"

అప్పుడే విస్సెకి ఫోన్ చేసింది. నేను పక్కనే నిలబడి విన్నాను.

"నేను సరిగ్గా దిగనా?"

"దిగుతావు."

"నీకెప్పుడైనా అడ్డొచ్చానా?"

"లేదు."

"మరి?"

"లిస్టు అంతే, మారిట్."

శుక్రవారం సాయంత్రానికి ట్రిప్పూ వద్దు, క్లబ్బూ వద్దని ఉత్తరం రాసేసింది. శనివారం మధ్యాహ్నం దాటితే పేర్లు మార్చరు. ఆ ఉత్తరం ముందు పెట్టుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుంది.

నేను సంతోషించాలి. మూడు నెలలుగా విమానం, సొరచేపలు, బుడగలు అని నిద్రలేకుండా ఉన్నది నేనే. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. నా పిల్లని నేను వద్దనడం వేరు, ఎవడో వద్దనడం వేరు!

గొడుగు కూడా తీసుకోకుండా బయల్దేరాను. సరిగ్గా ఆరు గంటలు, మా ఊళ్ళో అందరూ భోజనానికి కూర్చునే వేళ. చెప్పకుండా ఆ వేళప్పుడు ఒకరి తలుపు కొట్టడం నా యాభై ఆరేళ్ళలో అదే మొదలు.

విస్సె చేతిలో ఫోర్కుతో తలుపు తీశాడు. మొహం పాలిపోయింది.

"కోబా గారూ! ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. నువ్వు చెప్పు. మా పిల్లలో లోపమేంటి? ఆ పళ్ళ డాక్టరు దేంట్లో ఎక్కువ?" తలుపు వెయ్యకుండానే వంటింటిదాకా వెళ్ళిపోయాను. పొయ్యి మీద బంగాళదుంపలు ఉడుకుతున్నాయి.

"దేంట్లోనూ కాదండీ."

"మరి ఎందుకు తీసేశావు?"

"అక్టోబరులో వంతెన కింద..." అని ఆగాడు. "మారిట్ మీకు చెప్పలేదా?"

టేబుల్ అంచు పట్టుకున్నాను. "ఏం చెప్పలేదు?"

"చలికి తన గాలి గొట్టం మూసుకోకుండా బిగుసుకుపోయింది. సిలిండర్‌లో గాలంతా బుసబుసా బయటికి పోయింది. తను కంగారే పడలేదు. నా దగ్గరున్న రెండో గొట్టం నోట్లో పెట్టుకుని నాతో పైకి బయల్దేరింది. తప్పంతా నాదే."

కుర్చీ లాగి నా దగ్గరికి జరిపాడు. నేను కూర్చోలేదు. కోపంగా ఉన్నాను కదా.

"పైకి వచ్చేటప్పుడు రక్తంలో బుడగలు రాకుండా ఐదు మీటర్ల లోతులో ఆగి మూడు నిమిషాలు లెక్కపెట్టాలండీ. నేను గడియారం చూడలేదు, ముల్లు చూడలేదు. జానెడు దూరంలో ఉన్న తన మొహమే చూస్తూ ఉండిపోయాను. మారిట్ నా చెయ్యి గుంజి చూపించింది. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. ఒక్క సిలిండర్, ఇద్దరం. ఇంకాసేపు అలాగే ఉంటే..."

"చాలు! వినలేను!"

"క్రైన్ మావయ్య నియమం ఎందుకు పెట్టాడో ఆ రోజు తెలిసింది. అది నాకూ వర్తిస్తుందని కూడా తెలిసింది. అందుకే లిస్టు అలా రాశాను."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కోపం రెట్టింపైంది.

"అంటే నీ ప్రేమ సంగతి లిస్టుకి చెప్పావు, పిల్లకి చెప్పలేదా?"

"నియమం నియమమే కదండీ. ముందు లిస్టు సరిచేసి, తర్వాత బొనైర్‌లో మంచి సమయం చూసుకుని..."

"మంచి సమయమా! ట్రిప్పు మానేస్తానని ఉత్తరం రాసుకుని ఇంట్లో ఏడుస్తోందిరా అది!"

అతను నా వంక చూడటం లేదు. నా భుజం మీదుగా గుమ్మం వంక చూస్తున్నాడు. తిరిగి చూశాను. మారిట్! ఒక చేత్తో సైకిల్ పట్టుకునే ఉంది. జుట్టు చెంపలకి అతుక్కుపోయింది. నన్ను ఆపడానికి వచ్చి ఉంటుంది. ఎప్పట్నుంచి అక్కడ నిలబడిందో, ఎంత విందో.

"మారిట్," అన్నాడు విస్సె. ఫోర్కు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. "నువ్వంటే నాకిష్టం. బెల్టు వదులుగా ఉందన్న రోజు నుంచీ. ముందు నీకే చెప్పాల్సింది, బుద్ధిలేక చెప్పలేదు. రేపు మధ్యాహ్నం దాకా లిస్టు మార్చొచ్చు. ఎలా రాయమంటావో నువ్వే చెప్పు."



దుంపల నీళ్ళు పొంగి మంట మీద పడ్డాయి. ఇద్దరూ కదల్లేదు. నేనే వెళ్ళి పొయ్యి ఆపాను. సైకిల్ మీంచి నీళ్ళు గుమ్మంలో ఒక్కో చుక్కా పడుతున్నాయి. ఆ కాసేపట్లో నాకు ఎన్ని భయాలో! కాదంటుందేమో. ఔనంటుందేమో. ఔనని, జనవరిలో ఇద్దరూ కలిసి ఏ పసుపు రాయి దగ్గరో మునిగిపోతారేమో.

 

చివరికి మారిట్ తడి చేతిని కోటుకి తుడుచుకుంది. తల వంచుకునే ఉంది గానీ ఆ నవ్వు నాకు కనపడింది.

"నా పేరు క్రైన్ మావయ్య పక్కనే ఉండనీ," అంది.