డేల్ పెన్సిల్ రాతలు

శనివారం పొద్దున్న టిఫిను అయ్యాక లోవెల్ ప్రూయిట్ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, పొడి తువ్వాలుతో వేలివేలూ తుడుచుకుని, భోజనాల బల్ల ముందు కూర్చున్నాడు. పెళ్లయిన నలభై ఆరేళ్లుగా వెర్నా చూస్తున్న తంతే అది. ప్రార్థనకు ముందు కూడా ఆయన అంత శ్రద్ధగా చేతులు కడుక్కోడని ఆమె ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

"బల్ల మీద పాన్‌కేకుల సిరప్ మరకలున్నాయేమో ముందే చూసుకో. తర్వాత నా మీద పడకు," అందామె పెనం తోముతూ.

"చూశాలే."

ఎదురుగా, ఆటగాళ్ల బొమ్మలు, వాళ్ల జట్ల ఊళ్లు అచ్చేసిన బేస్‌బాల్ కార్డుల ఆల్బమ్‌లు తొమ్మిది. పదేళ్లప్పుడు చూయింగ్ గమ్ పొట్లంలో వచ్చిన మొదటి కార్డు నుంచి, ఈ డెబ్భై అయిదో ఏట దాకా ఆయన కూడబెట్టినవన్నీ వాటిలో ఉన్నాయి. కంటి ఆపరేషన్ వల్ల మూడు వారాలుగా వాటిని తెరవలేదు. ఆ మూడు వారాలూ సాయంగా ఉండడానికి వచ్చిన కూతురు కొరీన్ కాఫీ కప్పు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. బడి లైబ్రరీలో పని చేసే ఆ నలభై దాటిన మనిషి చిన్నపిల్లలా నవ్వు ఆపుకుంటోంది.

లోవెల్ మొదటి ఆల్బమ్ తెరిచాడు. కొత్త చూపుకి ఆటగాళ్ల టోపీల రంగులు కూడా తేటగా కనిపిస్తున్నాయి. ఒక పేజీ తిప్పాడు. ఆగాడు. వెనక్కి తిప్పాడు.

"వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే నాన్నా!" కొరీన్ ముందుకు వంగింది. "పదకొండు కార్డుల మీద ఎవడో పిల్లాడు ఊళ్ల పేర్లు కొట్టేసి పెన్సిల్‌తో కెలికాడు. ఏడాది చివర పుస్తకాల మీద రాతలు చెరిపే పని నాదేగా! మెత్తటి రబ్బరుతో, అట్ట పొర లేవకుండా చెరిపాను. నీ పుట్టినరోజుకి నాణ్యత లెక్కగట్టే గ్రేడింగ్‌కి పంపించి గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టిద్దామని…"

లోవెల్ అరచేత్తో బల్ల చరిచాడు. కాఫీ ఒలికింది.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు? కార్డులన్నీ పాడు చేశావు!"

కొరీన్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. మరుక్షణం అది కూడా పోయింది.

"ఎవరూ ముట్టుకోమనలేదు. ఈ ఇంట్లో ఎవరినీ ఎప్పుడూ ముట్టుకోనిచ్చింది లేదు. ఏడేళ్లప్పుడు ఒక్క కార్డు తీస్తే చేతి మీద కొట్టావు, గుర్తుందా? నేను డిగ్రీ పట్టా తీసుకున్న రోజు ఎక్కడున్నావు? డెట్రాయిట్‌లో కార్డుల సంతలో! అమ్మ పక్కన ఖాళీ కుర్చీ పెట్టుకుని ఫోటో దిగాం!"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"ఇంకెప్పుడు? గీత ఉన్న కార్డు చచ్చిన కార్డని నీ స్నేహితులతో ఫోన్లో గంటలు గంటలు చెప్పేది నువ్వే కదా! నలభై ఏళ్లు నాకు పోటీగా పెరిగిన అట్టముక్కలివి. అయినా పోనీలే, నాన్నకు ఇష్టమని మూడు రాత్రులు నడుం విరిగేలా వంగి చెరిపాను. ఎవరివో పిచ్చిగీతలు చెరిపితే…"

"అవి ఎవరివో కావు!"

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. వెర్నా తడి చేతులతోనే వచ్చి నిలబడింది.

"చెప్పు లోవెల్. చెప్పకపోతే నేను చెబుతా."

"నువ్వు ఊరుకో."

"నలభై ఆరేళ్లు ఊరుకున్నాను. ఇంక నావల్ల కాదు." ఆమె కూతురి వైపు తిరిగింది. "అవి మీ డేల్ బాబాయి రాతలే, తల్లీ."

మెట్ల గోడ మీద సైనిక దుస్తుల్లో ఉన్న ఒక్క ఫోటో తప్ప కొరీన్‌కు డేల్ బాబాయి తెలియదు. వియత్నాం యుద్ధానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆయన మాట ఎత్తితే నాన్న లేచి వెళ్లిపోతాడని ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అంతే.

"ఆటగాణ్ణి ఒక జట్టు ఇంకో జట్టుకి ఇచ్చేస్తే, కార్డు మీద పాత ఊరే ఉండిపోయేది కదా," అంది వెర్నా. "మీ బాబాయి రేడియోలో విని, పెన్సిల్ ములుకు నాలిక మీద తడిపి, పాత ఊరు కొట్టేసి కొత్త ఊరు రాసేవాడట. మీ నాన్నమ్మ చెప్పింది. ఈయన చెప్పలేదు."

కొరీన్ తను చెరిపిన కార్డుల వైపు చూసింది. కోపం మాత్రం తగ్గలేదు. "నాకు చెప్పావా నాన్నా? ఒక్కసారైనా? చెబితే ముట్టుకునేదాన్నా? నువ్వు దాచిపెట్టి, తప్పు నా నెత్తిన రుద్దుతున్నావు!"

"అయినా నిన్నెవరు ముట్టుకోమన్నారు? కార్డులన్నీ పాడు…"

లోవెల్ నోట్లో మాట అక్కడే ఆగింది. ఆయన బల్ల మీద చరిచిన తన చేతిని చూసుకున్నాడు.

"ఏమైంది? కళ్లు నొప్పిగా ఉన్నాయా?" వెర్నా దగ్గరికి వచ్చింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇవే మాటలు. ఇవే. నాకు పదమూడు, వాడికి పదేళ్లు. నిన్నెవరు ముట్టుకోమన్నారురా, కార్డులన్నీ పాడు చేశావని ముక్కు మీద గుద్దాను. రక్తం కారింది. 'పాడు కాదు అన్నయ్యా, ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి' అన్నాడు. వాడు మళ్లీ నా కార్డు ముట్టుకోలేదు. రాసినందుకు వాణ్ణి కొట్టాను. చెరిపినందుకు నిన్ను…"

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆపరేషన్ అయిన కంటి నుంచి నీళ్లు ముందుగా కారాయి. ఏడవకూడదని డాక్టరు చెప్పినా వెర్నా వద్దనలేదు. భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

చాలాసేపటి తర్వాత ఆయన లేచి, పచారీ సరుకుల చీటీ పక్కనున్న పెన్సిల్ తెచ్చాడు. ఒక కార్డును ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి కూతురి ముందు పెట్టాడు.

"విల్బర్ గ్రాంట్. క్లీవ్‌లాండ్ కొట్టేసి, కాన్సస్ సిటీ అని రాయి."

"నా రాత బాబాయి రాతలా ఉండదు."

"ఉండక్కర్లేదు. నీ రాతే రాయి."

"కార్డు పాడవుతుంది నాన్నా."

"అవనీ."

కొరీన్ చెంపలు తుడుచుకుంది. లేచి, సింకు దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది.

"పట్టా రోజు సంగతి నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు. ముందు ఇవి రాయి. తర్వాత కూర్చుని మొత్తం తిట్టు. లేచి వెళ్లను, వింటాను."

ఆమె వంగి మొదటి అక్షరం మొదలుపెట్టింది. పెన్సిల్ మరీ గట్టిగా నొక్కుతోంది, అట్ట మీద గాడి పడుతోంది. 'మెల్లగా' అనే మాట లోవెల్ నాలిక చివరి దాకా వచ్చింది.

ఆయన దాన్ని మింగేసి, కార్డు కదలకుండా రెండు వేళ్లతో అంచు పట్టుకున్నాడు.