రెండు వందల పద్నాలుగో పట్టీ

నిన్న ఫారం నుంచి ట్యాంకర్లో వెళ్ళిన పాలలో పశువుల మందు కలిసిందని శనివారం పొద్దున్నే, పెనం మీద దోసె తిరగేస్తుండగా శ్రీవల్లికి తెలిసింది.

ఆ కబురు ఫోనులో విన్నది ఆమె భర్త మహిధర్. అవతలివాళ్ళు పెట్టేసిన తర్వాత కూడా ఫోను చెవికే ఆనించుకుని ఫ్రిజ్ పక్కన నిలబడిపోయాడు.

"ఏమైంది మహీ?"

"యాంటీబయాటిక్. టెస్టుల దొరికింది. పాలన్నీ పారబోసిన్రట. యాన్ ఎనిమిదింటికి వస్తుండు. రోబో కంపెనీ మనిషిని గూడ తీసుకొస్తడట."

శ్రీవల్లి స్టవ్ ఆపేసి గడియారం చూసింది. ఏడూ పది.

పామర్‌స్టన్ నార్త్ ఊరు దాటి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే వచ్చే ఆ ఫారంలో రెండేళ్ళుగా మనుషులు పాలు పిండడం లేదు. హాలెండ్ నుంచి దిగిన నాలుగు రోబోలు పిండుతున్నాయి. ఆవు తనకు బుద్ధి పుట్టినప్పుడు నడిచి వస్తుంది. గేటు దాని మెడపట్టీలోని నంబరు చదివి దారి ఇస్తుంది. యంత్రం చేయి చాచి, పొదుగు వెతుక్కుని, పని ముగించి పంపేస్తుంది. మందు పడిన ఆవు వస్తే ఆ పాలు పెద్ద ట్యాంకులో కలవకుండా పక్కకు మళ్ళిస్తుంది. ఏ ఆవుకు మందు పడిందో కంప్యూటర్లో ఎక్కించే బాధ్యత మహిధర్‌ది. అందులో తప్పు జరిగితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు వాళ్ళుంటున్న ఇల్లూ పోతుంది, ఎందుకంటే ఇల్లు ఫారందే.

యజమాని యాన్ అరిచే మనిషి కాదు. ఆయన తల్లిదండ్రులు హాలెండ్ నుంచి ఓడలో వచ్చి ఈ నేల కొన్నారు. మనసులో ఉన్నది మొహం మీదే అనేస్తాడు, సరిగ్గా ఐదింటికి ఇంటికెళ్ళిపోతాడు. 'మనిషి ఇంటికి పోవాలనే కదా రోబోను కొన్నది' అంటాడు. మహిధర్ మాత్రం పోడు. రోబో ఫోనుకు కబురు పంపినప్పుడల్లా నోటి దాకా వచ్చిన ముద్ద వదిలి లేస్తాడు. జపాన్‌లో ఆఫీసు బల్ల మీదే కునికే ఉద్యోగుల గురించి ఎక్కడో చదివినప్పటి నుంచి పద్నాలుగేళ్ళ కూతురు శరణ్య తండ్రిని, జపాన్ వాళ్ళు 'గారు' తగిలించినట్టు, 'మహిధర్ సాన్' అని పిలుస్తోంది.

మహిధర్ గంబూట్లు తొడుక్కుని షెడ్డుకు పరుగెత్తాడు. అరగంటలో తిరిగొచ్చేసరికి మొహంలో రక్తం లేదు.

"ఎవరో పట్టీలు మార్చిన్రు శ్రీవల్లీ."

"కూర్చుని చెప్పు."

"గురువారం ఎనభై ఎనిమిదికి పొదుగువాపు వచ్చింది. చెవి కమ్మ మీద నంబరు చూసి మందు ఎక్కించిన. వీపు మీద ఎర్ర రంగు కొట్టిన. కంప్యూటర్ల గూడ ఎనభై ఎనిమిదనే రాసిన. మెడ చూడలే. ఇప్పుడు చూస్తె ఆ ఎర్ర రంగు ఆవు మెడల రెండు వందల పద్నాలుగు పట్టీ ఉంది. రంగు మనిషికి కనపడుతది, మిషన్‌కు పట్టీయే కనపడుతది. మందు పాలు పోయి మంచి పాలల్ల కలిసినయ్."

"మరి రెండు వందల పద్నాలుగు మెడలో?"

"ఎనభై ఎనిమిది పట్టీ. బకిల్ ఊడదీసి పెడితేనే మారుతయి. వాటంతట అవి మారేటివి కావు."

శ్రీవల్లికి వెంటనే అర్థమైంది. ఆమె పనిచేసేది ఆసుపత్రి ల్యాబులో. రక్తం సీసా మీద పేరు మారితే ఏం జరుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సీసా దానంతట అది పేరు మార్చుకోదు.

రెండు వందల పద్నాలుగు అంటే సుక్క. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ. ఆ పేరు పెట్టింది మహిధర్ తండ్రి నర్సయ్య. మూడు నెలల కిందట భార్య సావిత్రితో సిరిసిల్ల నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన దగ్గర్నుంచి ఆయనకు షెడ్డే కాలక్షేపం. సుక్కకు రోబో చేయి కదిలితే చాలు ఒళ్ళు వణుకుతుంది. గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. రోబోకు అలవాటు పడని ఆవుల్ని కబేళాకు పంపేస్తారు. ఎల్లుండి సోమవారం వచ్చే లారీకి మహిధర్ రాసిన జాబితాలో మొదటి నంబరు దానిదే. ఆదివారం యాన్ కంప్యూటర్లో అంకెలు మరోసారి చూసి, దారికొచ్చిన వాటి పేర్లు కొట్టేస్తాడు.

"ఈ ఇంట్ల సుక్క కోసం కొట్లాడింది ఒక్కతే," అన్నాడు మహిధర్.

నిజమే. పోయిన సోమవారం రాత్రి అన్నాల దగ్గర శరణ్య కంచం నెట్టేసి, "దట్స్ సో అన్‌ఫెయిర్ డాడీ! భయపడితే చంపేస్తారా?" అని లేచిపోయింది.

సోఫాలో శరణ్య బొమ్మలు గీసుకునే పుస్తకం పడి ఉంది. జపాన్ బొమ్మల కథలంటే ఆ పిల్లకు ప్రాణం. స్కూల్లో జపనీస్ భాష కూడా తీసుకుంది. ఏప్రిల్ సెలవుల్లో స్కూలు వాళ్ళు జపాన్ తీసుకెళ్తుంటే అందులో పేరు కూడా ఇచ్చింది. రోజూ సాయంత్రం షెడ్డులో కూర్చుని ఇంట్లో వాళ్ళందరికీ పెద్ద పెద్ద కళ్ళు పెట్టి కథలు గీస్తుంటుంది. మహిధర్ పుస్తకం తీసి పేజీలు తిరగేశాడు. ఒకచోట ఆగిపోయాడు.

"ఇగో. చూడు!"

పేజీలో పైన రెండు బొమ్మలు, కింద రెండు. పైన ఎడమవైపు, స్తంభం చాటు నుంచి తొంగి చూస్తున్న శరణ్య. దాని పక్కన, నీలి రబ్బరు గ్లవ్స్ తొడిగిన చేతులు ఆవు మెడపట్టీ విప్పుతున్నాయి. కింద ఎడమవైపు, శరణ్య చేతిలో పట్టీ, ఎదురుగా రెండు చేతులూ జోడించిన తాత. చివరిది, తాత ఒక్కడే ఆవు మెడకు పట్టీ కడుతున్నాడు.

"అటు ఇటు చూసింది, పట్టీ విప్పింది. బాపు వద్దు బిడ్డా అని దండం పెట్టిండు. ఇది వినకపోతే పాపం మళ్ళ కట్టబోయిండు. ఏ మెడకు ఏది కట్టాల్నో ఆయనకేం తెలుసు? శరణ్యా!"

శరణ్య తన గదిలోంచి వచ్చింది. తండ్రి చేతిలో పుస్తకం చూడగానే మొహం పాలిపోయింది.

"పట్టీలు ఎవరు మార్చిన్రు?"

"ఐ కాంట్ టెల్ యూ."

"కాంటా? ఇంకో అరగంటల మనల్ని ఈ ఇంట్లకెంచి పొమ్మంటరు. తెలుస్తుందా నీకు?"

పిల్ల పెదవి కొరుక్కుంది. కళ్ళు నిండాయి.

"జపాన్ లేదు, గీపాన్ లేదు. ఆ పుస్తకాలన్నీ లైబ్రరీల పడేసి రా. కోతి కొమ్మచ్చి బొమ్మలు గీసుకుంట నా కొంప ముంచినవ్!"

"పొద్దు పొద్దుగాల పోరి మీద ఏం లొల్లిరా?" అంటూ సావిత్రి అడ్డం వచ్చింది. "తప్పు చేస్తె నోటితోని అడుగు. గంత గట్టిగ ఒర్లుడు ఎందుకు? మీ బాపు ఏనాడన్న నీ మీద గిట్ల ఒర్లిండా?"

"నువ్వాగే అవ్వా!"

శ్రీవల్లి మొగుడి చేతిలోంచి పుస్తకం తీసుకుంది. నిరుడు జపాన్ బొమ్మల కథల పుస్తకం ఒకటి లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదవబోతే, మొదటి పేజీలోనే హీరో చచ్చిపోయి ఉన్నాడు. శరణ్య పొట్ట పట్టుకుని నవ్వింది. 'అమ్మా, చివర్నుంచి మొదలుపెట్టావు. వీటిని కుడి నుంచి ఎడమకు చదవాలి!'

శ్రీవల్లి అదే పేజీని ఈసారి కుడి నుంచి చదివింది. మొదట గ్లవ్స్ చేతులు పట్టీ విప్పాయి. తర్వాత స్తంభం చాటు నుంచి శరణ్య అది చూసింది. కింద కుడివైపు, తాత ఆ పట్టీని ఇంకో ఆవు మెడకు కట్టాడు. చివరికి శరణ్య కింద ఉన్న రెండో పట్టీ తీసి 'దేనిది దానికే పెట్టేయ్ తాతా' అని చాచింది. తాత చేతులు జోడించి బతిమాలాడు. ఎవరికీ చెప్పొద్దని.

ఆమె ఫ్రిజ్ తెరిచింది. నాలుగు రోజులుగా ఇంట్లో పెరుగు కత్తితో కోసుకునేలా ఉంటోంది. పైన వేలెడు మందం మీగడ. అత్తగారి చేతి మహిమ అనుకుంది. దుకాణంలో కొన్న సీసా పాలకు ఇంత మీగడ ఎక్కడిది?

"అత్తమ్మా, ఈ పాలు ఎక్కడివి?"

"మీ మామ తెస్తుండు. తెల్లారి వాకింగ్ పోయినప్పుడు షెడ్ల ఇస్తున్నరట."

షెడ్డులో ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ పాలు గొట్టాల్లోంచే పుట్టి గొట్టాల్లోనే పోతాయి.

"మహీ, ఈ కథ నువ్వు వెనక నుంచి చదివావు," అంది శ్రీవల్లి.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. నర్సయ్య నీలి గ్లవ్స్ తొడిగిన చేత్తో స్టీలు క్యాను పట్టుకుని లోపలికి వచ్చాడు. కోడలి చేతిలో పుస్తకం, మనవరాలి కళ్ళలో నీళ్ళు, కొడుకు మొహం, మూడూ చూశాడు. క్యాను నెమ్మదిగా కింద పెట్టాడు.

"బాపూ... నువ్వా?"

నర్సయ్య తల ఊపాడు. శరణ్య ఒక్కసారిగా ఏడ్చేసింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. ఎనభై ఎనిమిది మంచి ఆవు, రోజుకు మూడుసార్లు రోబో దగ్గరికి పోతుంది. దాని మెడలో సుక్క పట్టీ ఉంటే సుక్కే పోతున్నట్టు కంప్యూటర్ అనుకుంటుంది, ఆదివారం పేరు కొట్టేస్తారు. అసలు సుక్కను తాత తెల్లవారుజామున చేత్తో పిండి, ఇంటికి తెచ్చింది పోగా దూడలకు పోస్తున్నాడు. మంగళవారం సాయంత్రం పట్టీలు మార్చాడు. గురువారం ఆ మంచి ఆవుకు జబ్బు చేస్తుందని, మందు పెడతారని ఆయనకు తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"తాతకు ప్రామిస్ చేశాను. అండ్ యూ రెడ్ ఇట్ బ్యాక్‌వర్డ్స్, డాడీ."

మహిధర్ కూతురి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "సారీరా. జపాన్ పోతున్నవ్ నువ్వు. డాడీయే ఉల్టా చదివిండు." పిల్ల తండ్రి మెడ చుట్టూ చేతులేసింది.

గడియారం ఏడూ యాభై ఐదు చూపిస్తోంది. మహిధర్ లేచాడు. 

"పట్టీలు మళ్ళ సరిగ్గ కట్టేసి వస్త. రోబో నంబరు తప్పు చదివిందని చెప్దాం. నువ్వు ముట్టినవని ఎవరికీ తెల్వదు బాపూ. మిషన్‌కు నోరు లేదు."

"తప్పు మహీ," అంది శ్రీవల్లి. "మా ల్యాబులో ఇట్లా చేస్తే..."

ఆమె మాట పూర్తి కాలేదు. నర్సయ్య కుర్చీ పట్టుకుని ఊగిపోయాడు. మూడు నెలల్లో ఎన్నడూ ఆ మొహంలో అంత కోపం ఆమె చూడలేదు.

"ఆ మాట అనకు! మిషన్ మీద పెట్టుడు నీ నోట్లె రావద్దు మహీ. నువ్వు గా పట్టీలు ముట్టినవంటె నా మీద ఒట్టు."

బయట కారు ఆగింది. నర్సయ్య గ్లవ్స్ విప్పి జేబులో కుక్కుకుని మనవరాలి చేయి పట్టుకున్నాడు.

"నడువు బిడ్డా. నేను చెప్పింది చెప్పినట్టు గాయన భాషల చెప్పు. ఒక్క ముక్క తగ్గియ్యకు."

వాకిట్లో యాన్, రోబో కంపెనీ మనిషి నిలబడి ఉన్నారు. వెనకే మహిధర్, శ్రీవల్లి, సావిత్రి వచ్చారు. నర్సయ్య సూటిగా యాన్ ముందుకు నడిచి, జేబులోంచి గ్లవ్స్ తీసి చూపించి, పట్టీల సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. శరణ్య ప్రతి మాటా ఇంగ్లీషులో అప్పజెప్పింది. రోబో కంపెనీ మనిషి సంచీ మూసేసి కారెక్కి కూర్చున్నాడు.

 యాన్ మహిధర్ వైపు తిరిగాడు.

"పొద్దున షెడ్డుకు పోయి నువ్వే కనిపెట్టావా?"

"అవును. గురువారం మెడ చూడకపోవడం మాత్రం నా తప్పు."

"ఇకమీద చెవీ చూడు, మెడా చూడు. పోయిన పాలు పోయాయి. నాకు చాలా కోపంగా ఉంది, సాయంత్రం దాకా ఉంటుంది. కానీ ఈ ఇల్లు ఖాళీ చేయమని నేననను." అప్పుడు ముసలాయన కళ్ళలోకి చూశాడు. "మా తమ్ముడి ఫారంలో ఇంకా మనుషులే దగ్గరుండి పిండుతారు. ఆ ఆవును అక్కడికి పంపమంటే పంపేవాణ్ణి. ఒక్క మాట అడిగితే అయిపోయేది. ఎందుకు అడగలేదు?"

శరణ్య ఆ ప్రశ్నను తెలుగులో తాతకు అందించింది. నర్సయ్య గ్లవ్స్‌ను మడిచాడు, విప్పాడు. తర్వాత యాన్‌ను కాదు, కొడుకును చూస్తూ మొదలుపెట్టాడు.

"అడుగుడు నాకు అలవాటు లేదు సార్. ఒక్కపాలి అడగాల్సి ఉండె, అప్పుడు అడగలే. సిరిసిల్లల నేను, జనార్దన్ పక్కపక్క మగ్గాల మీద చీరెలు నేసెటోళ్ళం. నాకు ఇరవై ఎనిమిదేండ్లప్పుడు మగ్గాలు గలాయన, మా ఆసామి, కరెంటు మగ్గాలు దించిండు. సాంచాలంటం మేము. జనార్దన్‌ది మస్తు పనితనం గాని, సాంచ చప్పుడుకు వాని చేతులు వణికేటియి. మీ సుక్క లెక్కనే. ఆసామి నన్ను పిలిచి, ఎవడు పనికిరాడో పేరు చెప్పు నర్సయ్యా, నీకు నాలుగు సాంచాలిస్త అన్నడు. నెల రోజులు నేర్పుత, వాణ్ణి ఉంచు సేటూ అని అడగొచ్చు. అడగలే. వాని పేరు చెప్పిన. జనార్దన్ పెట్టె సదురుకుని కూలి పనికి గంత దూరం భీవండి పోయిండు, మళ్ళ రాలే. పొయ్యే రోజు బస్సు కాడ నన్నడిగిండు, నా పేరు ఎవరు చెప్పిన్రు నర్సిగా అని. ఎవ్వరు చెప్పలేదురా, నీతోని కాదని సాంచనే చెప్పింది అన్న. ఆ నాలుగు సాంచాల మీదనే మహీ, నిన్ను సదివిచ్చిన. గీ దేశం తోలిన. ఇయ్యాల నువ్వు గూడ మిషన్ మీద పెడ్దాం బాపూ అంటివి. నా నోట్లె మాట నీ నోట్లెకెట్ల వచ్చెరా? పట్టీలు మార్చింది మిషన్ కాదు, నేను. జనార్దన్ పేరు చెప్పింది గూడ మిషన్ కాదు బిడ్డా. నేనే."