దుప్పట్లు మడతపెట్టే దెయ్యం

ఐదంతస్తులు, ఇరవై ఇళ్ళు, ఒక దెయ్యం. ఆ భవనం గురించి ఎవరినడిగినా ఇదే లెక్క చెబుతారు.

దెయ్యం కాపురం మేడమీద, నీళ్ళ ట్యాంకు దగ్గర. పగలు పిల్లలు అక్కడే బంతాట ఆడతారు, ఏ భయమూ లేదు. చీకటి పడ్డాక మాత్రం ఆ మెట్లవైపు పిల్లి కూడా తొంగిచూడదు. తెల్లగా ఉంటుందట... తల ఉండదట... గాల్లో ఊగుతుందట. ఒకాయన టీవీ డిష్ సరిచేద్దామని రాత్రిపూట ఎక్కి, చెప్పులు పైనే వదిలేసి దిగొచ్చాడట. వాటికోసం మళ్ళీ ఎక్కలేదు, కొత్తవి కొనుక్కున్నాడు.

ఈ కథలన్నిటికీ ప్రసార కేంద్రం కింది వాటాలో ఉండే రేడియో పిన్ని. ఆవిడ అసలు పేరు అందరూ మరిచిపోయారు. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటదు కానీ, పొద్దున ఆవిడ చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికి ఐదో అంతస్తులో ఉంటుంది.

మరి అలాంటి చోటికి మూడో అంతస్తు మాస్టారమ్మాయి రాత్రిళ్ళు ఒక్కతే ఎలా వెళ్ళేది? దెయ్యమంటే భయం లేదా?

ఉంది. కాకపోతే ఇరుగుపొరుగంటే అంతకంటే భయం.

వాళ్ళ నాన్న డ్రిల్లు మాస్టారు. ఆయన ఈలకి వందమంది పిల్లలు ఒకేసారి ఎడమకి తిరిగేవారు. ఇప్పుడు పక్షవాతం వచ్చి, తను పక్కకి తిరగాలన్నా కూతురు చెయ్యి వెయ్యాలి. మంచం దిగలేడు. మొదటిసారి పక్క తడిసిన రాత్రి ఆయన గోడవైపు చూస్తూ ఒకే ఒక్క మాట అన్నాడు.

"అమ్మా... ఇది గుమ్మం దాటకూడదు."

దాటనివ్వలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోనే నవ్వుతూ సాగనంపింది. స్నేహితురాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేసింది. కొన్నాళ్ళకి ఎవరూ రాలేదు, ఏ ఫోనూ మోగలేదు. ఇంట్లో తనతో మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే. అదీ నాలుగు కూతలు కూసి ఊరుకునేది. ఒకరోజు కూరగాయలబ్బాయి "ఎంత కావాలక్కా?" అంటే జవాబు గొంతులోంచి రావడానికి కాస్త తడుముకుంది. మాట అనేది వాడకపోతే తుప్పు పడుతుందని ఆ రోజు తెలిసింది ఆమెకి.

ఇక దుప్పట్లు. బాల్కనీలో ఆరేస్తే భవనమంతా చూస్తుంది. రోజూ దుప్పట్లెందుకని అడుగుతుంది. అందుకే నాన్న నిద్రపోయాక పైకెళ్ళి ఆరేసి, తెల్లవారకముందే తెచ్చుకునేది. బ్లీచింగు తట్టుకోవాలంటే తెల్లవే నయమని అన్నీ తెల్లవే కొన్నది. తాడు ట్యాంకుకి ఇవతలే కట్టుకుంది. అవతలికి ఎన్నడూ వెళ్ళలేదు. ధైర్యానికీ ఒక హద్దుండాలి కదా!

కొన్నాళ్ళకి ఆమెకే వెలిగింది. తెల్లగా, తల లేకుండా, గాల్లో ఊగేది... మా దుప్పటే! దెయ్యం నేనే! ఆ ఆలోచనకి మెట్లమీదే నవ్వొచ్చింది. చెప్పుకుని నవ్వడానికి పక్కన మనిషి లేక ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఒక సాయంత్రం పాలపాకెట్లతో మెట్లెక్కుతుంటే రేడియో పిన్ని కిటికీలోంచి పిలిచింది.

"ఇదిగో మాస్టారమ్మాయ్! నిన్న రాత్రి కూడా కనబడిందటే."

"ఏమిటి పిన్నీ?" అంది, నవ్వు దాచుకుంటూ.

"ఇంకేమిటి, అదే! చాలాసేపు ఊగిందట."

ఆమె రెండు మెట్లెక్కింది. అక్కడే ఆగిపోయింది.

నిన్న రాత్రి నాన్న పక్క తడవలేదు. నిన్న రాత్రి... తను పైకి వెళ్ళనే లేదు!

మరి ఊగిందెవరు?

ఆ రాత్రి దేవుడా, పక్క తడవకూడదు అనుకుంది. తడిసింది. రెండుసార్లు.

తెల్లారితే వేయడానికి పొడి దుప్పటి లేదు. వెళ్ళక తప్పదు. తడి దుప్పటి నెత్తిమీద కప్పుకుంది, టార్చికి చెయ్యి ఖాళీగా ఉండాలని. సగం మెట్లెక్కాక టార్చి ఆరిపోయింది. అలాంటప్పుడే ఆరిపోతాయవి.

మేడ తలుపు దానంతటదే కిర్రుమంది...

గాలి లేదు. అయినా ట్యాంకు పక్కన ఏదో తెల్లగా కదులుతోంది. ఆమె తాడు దగ్గరే! దానికి తల లేదు. కింద మాత్రం... కాళ్ళున్నాయి.

"ఎ... ఎవరు?" అంది.

"ఊఁ... ఊఁ... ఊఁ..." అంది అది.

తెల్లదానికి రెండు చేతులు మొలిచాయి. అవి గాల్లోకి లేచి దండం పెట్టాయి. అప్పుడు టపటపా ఏవో నేలమీద పడిన చప్పుడు... ఆ వెంటనే ఒక మగగొంతు వణుకుతూ —

"నన్నొదిలెయ్ తల్లీ! మంచంలో మా అమ్మ ఉంది... నేను తప్ప చూసేవాళ్ళు లేరు!"

అదే క్షణంలో ఈమె కూడా అరిచేసింది.

"నన్నొదిలెయ్ బాబూ! కింద మా నాన్న ఒక్కడే ఉన్నాడు... నేను కాకపోతే పక్కకి కూడా తిరగలేడు!"

రెండు దెయ్యాలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"మాస్టారమ్మాయివా?"

"దర్జీ అన్నయ్యగారా?"

నాలుగో అంతస్తు దర్జీ. మెట్లమీద ఎదురైతే తలొంచుకుని పక్కకి తప్పుకునే మనిషి. పొగరనుకునేవారంతా. వాళ్ళమ్మకి మతిమరుపు, ఆపైన మంచం. ఆయన తాడు ట్యాంకుకి అవతల ఉంది, ఇన్నాళ్ళూ అక్కడే ఆరేసుకునేవాడు. ఆ రాత్రి తాడు తెగితే ఇటు వచ్చాడు. దర్జీ కదా, కుట్టేటప్పుడు సూదులు నోట్లో పెట్టుకునే అలవాటు. ఇక్కడ క్లిప్పులు పెట్టుకున్నాడు. ఆ "ఊఁ... ఊఁ" అదన్నమాట.

"నాలుగు క్లిప్పులమ్మా, ఒకటి మింగేశాననుకున్నా," అన్నాడు నేలమీద వెతుక్కుంటూ.

ముందు ఎవరు నవ్వారో తెలీదు. నోటికి అడ్డం పెట్టుకున్న దుప్పటి దాటుకుని వచ్చేసింది నవ్వు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వు తనదేనా అని తనకే అనుమానమొచ్చింది.

ఆ రాత్రినుంచి ఒకరు ఫ్లాస్కులో టీ, ఒకరు బిస్కెట్లు. ఆరేయడం అయిపోగానే ట్యాంకు గట్టుమీద కాసేపు కూర్చునేవారు. ఏ రబ్బరు షీటుకి వాసన పట్టదు, మందు మింగకుండా చెంపలో దాచుకుంటే ఎలా కనిపెట్టాలి... ఇవే కబుర్లు. వినేవాళ్ళకి ఇదేం సరదా అనిపిస్తుంది. వాళ్ళకి మాత్రం పెళ్ళిభోజనం చేసినట్టుండేది.

కానీ నాన్న వద్దన్న సంగతి గుమ్మం దాటింది. అది గుచ్చుతూనే ఉంది. ఒకరోజు అన్నం తినిపిస్తూ చెప్పేసింది. ఆయన ముఖం గోడకి తిప్పుకున్నాడు. ఆమె చెంచా అలాగే పట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి గోడవైపునుంచి వినబడింది.

"వాళ్ళమ్మగారికీ... ఇంతేనా?"

"ఇంతే నాన్నా."

ఆ తర్వాత పాత డ్రిల్లు గొంతు.

"తాడు తెగిందంటే ముడి సరిగ్గా వెయ్యలేదన్నమాట. రేపొకసారి రమ్మను ఆ కుర్రాణ్ణి. ముడి నేర్పుతా."

ఆ కుర్రాడికి నలభై ఏడేళ్ళు. వచ్చాడు, నేర్చుకున్నాడు, మర్నాడు వచ్చి ఒప్పజెప్పాడు కూడా. మాస్టారు చాలా కాలానికి ఒకరిని తిట్టాడు. ఆ పూట ముద్ద ఎక్కువ తిన్నాడు.

ఈలోగా కింద రేడియోలో కొత్త వార్త. దెయ్యం నవ్వుతోందట!

"పగలబడి నవ్విందటే నిన్న," అంది పిన్ని కిటికీలోంచి. ఆపైన గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళకి నవ్వింది, పిచ్చిముండ!" అంది. కన్ను కూడా గీటింది.

మాస్టారమ్మాయి అక్కడే నిలబడిపోయింది.

"పిన్నీ... నీకు తెలుసా?"

"తెలీకపోవడానికి ఆ దెయ్యాన్ని పుట్టించిందే నేను! మా అత్తగారు మూడేళ్ళు మంచంలో ఉందే. నేనూ చీకట్లోనే ఆరేసేదాన్ని. ఎవరూ పైకి రాకుండా ఉండాలంటే ఏదో ఒకటి చెప్పాలిగా? ఆవిడ పోయింది. ఎవరికో ఒకరికి పనికొస్తుందని దెయ్యాన్ని మాత్రం ఉంచేశా."

"మరి ఆ రోజు, నిన్న కూడా కనబడింది అని..."

"ఇద్దరూ ట్యాంకుకి చెరోవైపు ఎన్నాళ్ళు ఏడుస్తారని! ఒక తోపు తోశాను." పిన్ని వేలెత్తింది. "ఊళ్ళో వంద మాటలు చెప్పినదాన్నే. ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. నమ్మితే నమ్ము."

మాస్టారమ్మాయి కిటికీ ఊచల్లోంచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కాసేపటికి నవ్వుతూ, "దుప్పట్లు మడతపెట్టేదీ నువ్వేగా?" అంది.

"ఏ దుప్పట్లు?"

"వారం నుంచీ తెల్లవారుజామున వెళ్ళేసరికి మా దుప్పట్లు తాడు మీద ఉండట్లేదు. అంచుకి అంచు కలిపి మడతపెట్టి గట్టుమీద ఉంటున్నాయి. అన్నయ్యగారు నేననుకున్నారు, నేను ఆయననుకున్నాను. ఇద్దరం కాదు."

పిన్ని ముఖంలో నవ్వు మెల్లగా జారిపోయింది.

"ఈ మోకాళ్ళతో నేను మేడెక్కి ఆరేళ్ళయిందే, అమ్మాయ్..."

ఆ రాత్రి ఇద్దరూ దగ్గరదగ్గరగా కూర్చున్నారు. టీ రెండు గ్లాసుల్లో పోసి, కాస్త ఆలోచించి, దర్జీ మూడో గ్లాసులో కూడా పోశాడు. దాన్ని గట్టు చివర, చీకట్లో పెట్టాడు.

మేడ నిశ్శబ్దంగా ఉంది. దుప్పట్లు ఊగుతున్నాయి...

"ఎవరో గానీ," అంది మాస్టారమ్మాయి చీకటితో, గొంతు వణక్కుండా చూసుకుంటూ, "మడతలు బాగున్నాయి. ఇక్కడ ఇంకో తాడుకి చోటుంది. తొందరేం లేదు."

గాలి ఆగింది.

అప్పుడు... ట్యాంకు వెనకనుంచి...

ఒక తుమ్ము!

"నూరేళ్ళాయుష్షు!" అనేశాడు దర్జీ, అలవాటుకొద్దీ. అని, నాలిక కరుచుకున్నాడు.

తర్వాత చాలా సన్నగా, చాన్నాళ్ళుగా వాడని గొంతేదో తడుముకుంటూ వినిపించింది.

"టీలో... చక్కెర వేశారాండీ?"