ఎప్పటికీ ప్లస్ ఒకటే అన్నవాడు

"నీ కోడ్‌కి రంజాన్ రాదా, అన్వార్?" అంది గిజ్లాన్, నా కుర్చీ వెనక నిలబడి.

మా దేశ రాజధాని రబాత్‌లో పళ్ల డాక్టర్లకు అపాయింట్‌మెంట్ల యాప్ చేసే చిన్న కంపెనీ మాది. నేను కోడ్ రాస్తాను, ఆమె తప్పులు పట్టుకుంటుంది. నావి పట్టడమంటే మరీ సరదా.

యాప్‌లో ఏ సమయాన్నయినా గ్రీనిచ్ టైములోకి మార్చి దాస్తాం. మా దేశం దానికి గంట ముందుంటుంది. అందుకే ఏ దిగులూ లేకుండా ‘ప్లస్ ఒకటి’ అని రాసేశాను.

"రంజాన్ నెలంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుతాం కదా మహానుభావా! అప్పుడు ప్లస్ సున్నా. టైమ్‌జోన్ పేరు రాయి, ఆ లెక్క అదే చూసుకుంటుంది."

"ఒక్క నెల కోసం ఇంత గొడవా? వచ్చినప్పుడు చూద్దాంలే."

"చూద్దాం," అని నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు తప్పులు రాయాలనిపించింది. రాశాను కూడా.

మూడు నెలలు గడిచాక, ట్రామ్ స్టాప్‌లో ఒకే గొడుగు కింద చెరిసగం తడుస్తుండగా అంది.

"నాన్న నిన్ను చూస్తానన్నారు. రంజాన్ మొదటి శనివారం, నాలుగింటికి. ముప్పై ఏళ్లు స్టేషన్ మాస్టర్‌గా చేసిన మనిషి. ఇంతకుముందొచ్చిన సంబంధాన్ని పది నిమిషాలు లేటని గుమ్మంలోంచే పంపేశారు."

అక్కడికక్కడే ఆ టైము మా యాప్‌లో ఎక్కించాను.

ఆ శనివారం ఉపవాసపు నీరసానికి కునుకు పట్టింది. ఫోన్‌లో మా యాప్ మోగింది: ఇంకా అరగంటే! గడియారం వంక చూడకుండా చెబాకియా మిఠాయి డబ్బా పట్టుకుని పరుగెత్తాను.

వాళ్ల నాన్న బూజెమాగారు నిద్రకళ్లతో తలుపు తీశారు. గోడ గడియారంలో సరిగ్గా మూడు.

"గంట ముందే వచ్చావా! టైమంటే ఇంత గౌరవమున్న కుర్రాణ్ణి నేనెక్కడా చూళ్లేదు!"

వంటింటి గుమ్మంలో గిజ్లాన్, చేతులనిండా పిండితో. క్షణంలో సంగతి గ్రహించి పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. నేను నోరు మూసుకుంటే పెళ్లి ఖాయం. కానీ ఆమె ముందు అబద్ధం ఆడాలంటే సిగ్గేసింది.

"గౌరవం కాదండీ, నా తప్పు. రంజాన్‌లో టైము మారుతుందని మీ అమ్మాయి చెప్పినా నా ప్రోగ్రామ్ దిద్దుకోలేదు. అందుకే ఫోన్ గంట ముందే మోగింది."

పెద్దాయన ముఖం ముడుచుకుంది. "ఎన్నిసార్లు చెప్పింది?"

"రెండుసార్లండీ."

"మూడు," అంది గిజ్లాన్.

"మూడండీ."

ఆయన గోడ గడియారం వంక ఓసారి చూశారు.

"పదిహేనేళ్లప్పుడు నా రైళ్ల పట్టికలో తప్పు పట్టిందయ్యా ఇది. ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. నువ్వు గుమ్మంలోనే ఒప్పుకున్నావు." పక్కకు జరిగారు. "లోపలికి రా."

ఆవలిస్తూ ఆయన తన గదిలోకి వెళ్లిపోయారు.

"ఉపవాసం విప్పడానికింకా మూడు గంటలపైనే ఉంది," అన్నాను గొంతు తగ్గించి. "అంతసేపూ మీ నాన్నగారితో కూర్చోవాలా?"

"ఆయన మళ్లీ పడుకున్నారు," అంది గిజ్లాన్, నా చేతిలో టమాటాలూ కత్తీ పెడుతూ. "నాతో."