ముందు పోండప్పా

ఆషాఢపు గాలి ఎదురైతే ముళబాగిలు నుంచి కేజీఎఫ్ దాకా సైకిలు తొక్కడం బండను గుట్ట ఎక్కించడమే. తెలిసి తెలిసీ ప్రతి ఆదివారం సరదాకి బయలుదేరేవాణ్ణి ఏమనాలి? పురుషోత్తమ్‌ను వాళ్ళమ్మ గంగులమ్మ నోరారా అంటూనే ఉంటుంది. ఆ రోజు ఇంకో నాలుగు ఎక్కువ అంది. ఏడేళ్ళ కూతురు మాలకు మూడు రోజుల జ్వరం ఆ తెల్లవారుజామునే విడిచింది. భార్య రత్న పుట్టింట్లో ఉంది.

"బిడ్డను ఇట్ల పెట్టి యాడికిరా?"

"పన్నెండుకంతా వచ్చేస్తానమ్మా" అని హెల్మెట్ తగిలించుకున్నాడు.

తోడు ఉమేశ్. వారమంతా ఇద్దరూ మారికుప్పం రైల్లో బెంగళూరు ఉద్యోగాలకు పోయి వచ్చేవాళ్ళే. ఉమేశ్ మంచివాడే గానీ ఎదురుగాలిలో దొంగ. ముందున్నవాడు రొమ్ముతో గాలిని కోస్తుంటే, వాడి వెనక చక్రానికి జానెడు దూరంలో నక్కి తేరగా వచ్చేస్తాడు.

ముళబాగిల్లో ఇడ్లీలు తిని పదింటికి వెనక్కి తిరిగారు. మామిడితోపులు హోరెత్తుతున్నాయి. ఎర్రమట్టి లేచి పళ్ళ మధ్య కరకరమంటోంది. పురుషోత్తమ్ తల వంచి తొక్కుతున్నాడు. బేతమంగలం చెరువు దాటాక వెనక చైను కిర్రుమంటున్న చప్పుడు బాగా దగ్గరికి వచ్చింది. వచ్చాడయ్యా దొర, అనుకున్నాడు.

"వస్తా ఉండావా? రా, నా వెనకే రా" అన్నాడు తల తిప్పకుండానే.

కిర్రు... కిర్రు... చప్పుడు ఇంకాస్త దగ్గరైంది.

జేబులో ఫోను మోగింది. ఉమేశ్.

"అన్నా, ఆగన్నా! చెరువుకట్ట కాడ పంక్చరైంది. ఎంత అరిచినా నువ్వు చూడనే లేదు."

"నాటకాలాడబాకరా. నా వెనకే ఉండావు, చైను వినబడతా ఉండాది."

"నీ వెనకా? నేను ట్యూబు ఊడదీసి కూర్చోనుండాను అన్నా."

వాడి వేళాకోళాలు తెలియనివి కావు. ఈసారి తిరిగి చూశాడు. కనుచూపు మేర రోడ్డు బోసిగా ఉంది. పట్టపగలు, నడినెత్తిన ఎండ. చైను చప్పుడు మాత్రం ఆగలేదు. గాలి ఎదురుగా కొడుతుంటే, వాసన వెనకనుంచి వచ్చింది. తడి రాయి, రాళ్ళు పేల్చే తోటామందు. వాళ్ళ నాయన వెంకటరమణప్ప ముప్పై ఏళ్ళు బంగారు గనిలో దిగి తెచ్చిన వాసన.

అప్పుడు గుర్తొచ్చింది.

గనిలో నాయనవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. వెనక అడుగులు వినబడితే దీపం తిప్పి, ముఖం చూసి, ఆ తర్వాతే రమ్మనాలి. ముఖం చూడకుండా రమ్మంటే, పైకి రాలేక లోపలే ఉండిపోయినవాళ్ళు కూడా వచ్చేస్తారు. నోరు జారితే గోడకు ఒత్తుకుని దారి వదలాలి. "మీరు ముందు పోండప్పా" అనాలి.

పురుషోత్తమ్ సైకిలు దిగాడు. రోడ్డు పక్కకు ఒదిగి కళ్ళు మూసుకున్నాడు.

"మీరు... ముందు పోండప్పా."

చెవి పక్కనుంచి కిర్రుమంటూ పోయింది. కళ్ళు తెరిచేసరికి అంచున గడ్డి గాలికి ఎదురుగా వంగుతూ, వరసగా, దూరం పోతోంది. హమ్మయ్య, పీడ వదిలింది. నవ్వు కూడా వచ్చింది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాడు.

అమ్మ మధ్యలోనే అందుకుంది.

"రే... మీ నాయన ఆ మాట లోపలికి పొయ్యేటప్పుడు అనేవాడురా. అప్పుడు ముందర ఉండేది గని. ఇంటి దిక్కు తిరిగినాక ఎవురూ అనరు." గొంతు తగ్గించింది. "నువ్వు ఇప్పుడు యా దిక్కు పంపించినావు?"

ఆ రోడ్డు తిన్నగా వాళ్ళుండే గని కూలీల లైన్ ఇళ్ళకే పోతుంది.

"మాల యాడుంది?"

"పండుకోనుండాది. వాకిలి గడియ పెడతాను. నువ్వు రా."

సైకిలెక్కి తొక్కాడు. ప్రాణం పెట్టి తొక్కాడు. రెండు మలుపులు దాటాక గానీ తెలియలేదు... ఎదురుగాలి లేదు. తోపులు అట్లాగే ఊగుతున్నాయి. దుమ్ము అట్లాగే లేస్తోంది. తన ముఖానికి మాత్రం ఒక్క పోటు తగలడం లేదు. ఎవరో ముందుండి గాలిని కోస్తున్నారు. మెల్లగా పోతే గాలి తగులుతోంది. వేగం పెంచితే ఆగిపోతోంది. వాళ్ళ వెనకే, జానెడు దూరంలో, ఇంటిదాకా వచ్చాడు.

తలుపు కొట్టి పేరు చెప్తే గంగులమ్మ కిటికీలోంచి ముఖం చూశాకే గడియ తీసింది.

"ఎవురూ రాలేదప్పా. నేను వాకిలి వదిల్తే కదా."

మాల చాపమీద అటు తిరిగి నిద్రపోతోంది. నుదురు చల్లగా ఉంది. పురుషోత్తమ్‌కు ప్రాణం లేచొచ్చింది. పక్కనే కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాడు. కాళ్ళమీద దుప్పటి సర్దబోయాడు.

చీలమండల దాకా నల్లటి బురద, అదే తోటామందు వాసన. ఇంకా తడిగా ఉంది. ఊళ్ళో వాన పడి నెలైంది.

మాల కళ్ళు తెరిచింది.

"నాయనా, కింద శానా మంది ఉండారు."

"యాడమ్మా?"

"చీకట్లో. నీళ్ళు అడిగినారు, పాపం." దుప్పటి గొంతుదాకా లాక్కుని మళ్ళీ కళ్ళు మూసుకుంది. "రేపు తెస్తానని చెప్పినాను."