భూతం కాచిన తాళపత్రాలు

పూర్వం మేఘదుర్గ రాజ్యంలో ఒక తాళంచెవికి పూజ జరిగేది. ఏటా దానికి పసుపు కుంకుమలు పెట్టి, ఏనుగు మీద ఊరేగించి, పిల్లలకు బెల్లంముక్కలు పంచేవారు. అది అడవి నడుమ కొండమీద ఉన్న అక్షయమందిరం తాళంచెవి. మందిరంలో ఏముందో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా "మాకు అక్షయమందిరం ఉంది" అని చెప్పుకునేటప్పుడు ప్రతివాడి ఛాతీ జానెడు పొంగేది.

అరవై ఏళ్ళ కిందట అప్పటి రాజు, వరదలో కొన్ని గ్రంథాలు కొట్టుకుపోయాయని విని బెంగపడ్డాడు. బెంగ మంచిదే. దానికి ఆయన వెతికిన విరుగుడే కొంప ముంచింది. ఊరూరా ఉన్న తాళపత్ర గ్రంథాలన్నీ బళ్ళమీద తోలించి, మందిరంలో పెట్టించి, వాకిట ఒక భూతాన్ని కాపలా ఉంచాడు. "చూస్తే అరుగుతాయి, ముట్టుకుంటే విరుగుతాయి. ఇకమీదట వీటిని ఎవరూ చూడరాదు, నకలు రాసుకోరాదు" అని శాసనం చేశాడు.

అంతకుముందు తాళ్ళపాడు అనే ఊళ్ళో ఆకుల పండుగ జరిగేది. మాఘమాసపు ఎండలో చాపలు పరిచి, గ్రంథాలు విప్పి, ఆకు ఆకుకూ నిమ్మగడ్డి నూనె రాసేవారు. అక్షరాల్లో మసి నింపి పైకి చదివేవారు. ఖాళీ ఆకులూ, ఘంటమూ పట్టుకుని ఏ ఊరివాడు వచ్చినా కూర్చోబెట్టి, చల్ల పోసి, కావలసింది రాసుకోమనేవారు. గ్రంథాలు బండెక్కాక ఆ పండుగా పోయింది. నూనె కాచే ఇల్లు మాత్రం ఒకటి మిగిలింది. ఆ ఇంటి పిల్లే మన నాంచారి.

నాంచారికి పదహారేళ్ళు. ఘంటం పడితే ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ ఊళ్ళో ఆ ఇంటిని "దొంగ సూరమ్మ ఇల్లు" అనేవారు. నాంచారి తాతకు చెల్లెలైన సూరమ్మ, శాసనం వచ్చిన రోజుల్లో దొంగచాటుగా ఒక గ్రంథానికి నకలు రాసి పట్టుబడిందట. ఆమె ఏమైపోయిందో ఎవరికీ తెలియదు. ఆమె పేరెత్తితే ఇంట్లోవాళ్ళే తల దించుకునేవారు.

ఒక ఏడు ఉత్తరపు గాలి వీచి, దానితో మూగజబ్బు వచ్చింది. పెద్దవాళ్ళను వదిలేసి పిల్లలనే పట్టింది. అందరికంటే ముందు మాట పడిపోయింది నాంచారి చెల్లెలు పైడమ్మకు. ఆరేళ్ళ పిల్ల, అంతవరకూ నిద్రలో కూడా నోరు మూసేది కాదు. నలభై రోజుల్లోగా మందు పడకపోతే ఆ మాట ఇక రాదని ముసలివాళ్ళు చెప్పారు. మందు తాళ్ళపాడు వైద్యగ్రంథంలో ఉందనీ, ఆ గ్రంథం అక్షయమందిరంలో ఉందనీ కూడా చెప్పారు.

ప్రజలు వెళ్ళి మొరపెట్టుకుంటే రాజు చండకేతుడు, "అయితే భయం లేదు. గ్రంథం భద్రంగా ఉంది కదా" అన్నాడు. తలుపు తెరవడం మాత్రం కుదరదన్నాడు. తాతగారి శాసనం అడ్డం. ఆయన కొడుక్కి అప్పటికింకా జబ్బు రాలేదులెండి.

పైడమ్మకు మాట పోయి ఇరవై ఆరో రోజున నాంచారి నూనె బుర్ర నడుముకు కట్టుకుంది. పైడమ్మ ఆమె కొంగు పట్టుకుని నోరు తెరిచింది, మూసింది. నాంచారి ఆ వేళ్ళు విడిపించుకుని అడవి దారి పట్టింది.

మూడు రోజులు నడిచాక ఒక ముని కనిపించాడు. మందిరంలోని గ్రంథాల పట్టిక ఆయన దగ్గర ఉంది. కావలసిన గ్రంథం సంఖ్య చెప్పనిదే ఎవరినీ ముందుకు పోనివ్వడు.

"నీకు కావలసిన గ్రంథం సంఖ్య చెప్పు తల్లీ" అన్నాడు ముని.

"సంఖ్య నాకెట్లా తెలుస్తుంది స్వామీ?"

"పట్టికలో ఉంటుంది."

"అయితే పట్టిక చూపించండి."

"సంఖ్య చెప్పినవాళ్ళకే చూపించాలని నియమం."

నాంచారికి ఒళ్ళు మండింది. కానీ పట్టిక అంచులు పొడిబారి రాలిపోతుండటం ఆమె కళ్ళబడింది. "స్వామీ, ఈ ఆకులు ఇంకో ఎండాకాలం ఆగవు. నూనె రాసి పెట్టనా? నూనె రాయకూడదని నియమం ఏమీ లేదు కదా" అంది. ముని చాలాసేపు ఆలోచించాడు. అటువంటి నియమం ఆయనకు తట్టలేదు. ఆ రోజంతా నాంచారి ఒక్కొక్క ఆకూ తుడిచి నూనె రాస్తూ పట్టిక మొత్తం చదివేసింది. తాళ్ళపాడు వైద్యగ్రంథం సంఖ్య నూట పన్నెండు.

మరునాడు దారికి అడ్డంగా ఒక కొండచిలువ పడుకుని ఉంది. తాటిమొద్దంత లావు. దాని చుట్టల నడుమ ఒక మట్టికుండ. అది తల ఎత్తి మనిషి గొంతుతో, "చదువు వచ్చా?" అని అడిగింది.

నాంచారి వెనక్కి తగ్గకుండా, "వచ్చు" అంది.

"అరవై ఏళ్ళుగా అందర్నీ ఇదే అడుగుతున్నా. ఒక్కరూ నిలబడి జవాబు చెప్పలేదు. ఈ కుండలో నేను రాసిన నకలుంది. తాళ్ళపాడు వైద్యం. పైకి చదువు బిడ్డా. నీ పనీ అవుతుంది, ఇది రాసినందుకు నాకు తగిలిన శాపమూ తీరుతుంది. నేను సూరమ్మను."

నాంచారి ముఖం జేవురించింది. పుట్టినప్పటినుంచీ మోసిన పేరు ఎదుట నిలబడి మాట్లాడుతుంటే ఆమెకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. "నీవల్లే మా ఇంటికి దొంగ ఇల్లని పేరు. దొంగ రాతలో ఎన్ని తప్పులున్నాయో ఎవరికి తెలుసు? అసలుది ఉండగా నకలు నాకెందుకు?" అంది.

కొండచిలువ మెల్లగా పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆ దారి ఇవ్వకపోయినా బాగుండేదని నాంచారి తరవాత ఎన్నోసార్లు అనుకుంది.

అక్కడినుంచి మూడు రోజుల నడక అక్షయమందిరం. తలుపుకు వీపు ఆనించి, కొండంత భూతం కూర్చుని ఉంది. అరవై ఏళ్ళుగా రెప్ప వేయకపోవడంతో దాని కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"లోపలిది ఏదీ బయటికి పోదు. అది నా ప్రమాణం" అంది భూతం.

"నేనేమీ తీసుకుపోను. చూసి చదువుకుని పోతా. ఇంతకీ లోపల ఏముందో నువ్వెప్పుడన్నా చూశావా?"

భూతం తల వంచుకుంది. "నా ముఖం ఎప్పుడూ బయటికే పిల్లా. నాకూ చూడాలనే ఉంటుంది. అడిగినవాళ్ళు లేరు."

"తాళంచెవి రాజుగారి దగ్గరుందే మరి?"

"అది పూజకు. ఇక్కడ గడియ నా వీపే" అని భూతం లేచి నిలబడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

లోపల నిలువెత్తున చెదపుట్టలు లేచి ఉన్నాయి. వరసకొక సంఖ్య, సంఖ్యకొక అర. నాంచారి పరుగున పోయి నూట పన్నెండో అరలోంచి కట్ట తీసింది. పైన చెక్క ఉంది, కింద చెక్క ఉంది, కట్టిన తాడు కూడా ఉంది. నడుమ గుప్పెడు మట్టి ఉంది. ఆమె ఇంకో కట్ట విప్పింది, మరొకటి విప్పింది. విప్పినవన్నీ మట్టే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక భూతం ఎంత? "నేను తలుపు కాశాను. నేలలోంచి వస్తాయని నాకెవరూ చెప్పలేదు" అంటూ అది పసిపిల్లలా ఏడ్చింది. నాంచారి మాత్రం ఏడవలేదు. కొండచిలువ దగ్గర తాను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి ఆమె నోరు చేదెక్కింది.

ముప్పై ఏడో రోజున ఆమె మళ్ళీ కుండ ముందు నిలబడింది. "తప్పయింది అవ్వా" అంది. మిగిలిన నూనె ఆకులకు రాసి, పైకి చదివింది. ఒక్క తప్పు లేదు. చివరి ఆకు చదివేసరికి చుట్టల చోట ఎనభై ఏళ్ళ ముసలమ్మ కూర్చుని ఉంది.

మందు ఏమిటనుకున్నారు? గంటాకు పసరు. తాళ్ళపాడులో ప్రతి కంచెకూ అల్లుకుని ఉండే తీగ అది. మేకలు కూడా మొహం మొత్తి వదిలేసేవి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరకే అన్నారా?

"నాతో నడిస్తే ఆలస్యమవుతుంది. నువ్వు పరుగెత్తు. నేను ఊరూరా చదువుకుంటూ, రాయిస్తూ వస్తా" అంది సూరమ్మ.

నాంచారి తిన్నదీ లేదు, కూర్చున్నదీ లేదు. దారి నాలుగు రోజులది. ఎంత పరుగెత్తినా నాలుగు రోజులే పట్టింది. ఇంటికి చేరిన రోజు నలభై ఒకటోది. నలభై రోజులు దాటని పిల్లలందరూ పసరు తాగి సాయంత్రానికల్లా కేకలు పెట్టారు. పైడమ్మ కూడా తాగింది. అక్క ముఖంలోకి చూస్తూ నోరు తెరిచింది, మూసింది. నాంచారి చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఆరు రోజులు పోగొట్టానే తల్లీ, నేనే పోగొట్టాను" అని గుండె పగిలేలా ఏడ్చింది.

నెల తిరక్కుండా సూరమ్మ ఊరు చేరింది. వెనకే రాజభటులు వచ్చి, సూరమ్మ నకలును అక్షయమందిరంలో భద్రపరచమని ఆజ్ఞ అయిందన్నారు. నాంచారి దాన్ని తానే తీసుకుని కోటకు వెళ్ళింది. "తీసుకోండి మహారాజా. అవ్వ నడిచిన ఊళ్ళలో ఇప్పటికి మూడువందల నకళ్ళున్నాయి. వాటికీ మూడువందల మందిరాలు కట్టించండి. భూతాలను మీరే వెతుక్కోవాలి" అంది.

చండకేతుడు కోపంతో లేచాడు. అంతలో ఆయన ఐదేళ్ళ కొడుకు, "నాన్నా, కూర్చో" అన్నాడు. వాడికి వారం కిందటే మాట వచ్చింది. ఆ మందు ఒక గొర్రెల కాపరి దగ్గరున్న నకలు చూసి చేసింది. రాజు కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడనుకోండి, ఏదో ఒకటి పట్టుకున్నాడు. శాసనం రద్దు చేసి, నాంచారిని మందిరానికి అధికారిణిని చేశాడు.

ఇప్పుడు తాళంచెవికి పూజ లేదు. మాఘమాసంలో మందిరం తలుపులు బార్లా తీస్తారు. చాపలు పరిచి, ఉన్నవాటికి నూనె రాసి, ఎవరు అడిగితే వాళ్ళను కూర్చోబెట్టి రాయిస్తారు. భూతం లోపలి వైపు ముఖం తిప్పుకుని కూర్చుని చల్ల పోస్తుంది. ముందుగా మాత్రం ముని వచ్చి పట్టిక చదవాలి. ఒక్కొక్క గ్రంథం పేరు చదువుతుంటే భూతం లేచి నిలబడి, అందరూ వినేలా జవాబు చెప్పాలి.

"వానల లెక్క."

"లేదు."

"జోలపాటలు."

"లేదు."

"నావలు కట్టే విధం."

"లేదు."

వెయ్యి పేర్లలో 'ఉంది' అనే మాట నాలుగంటే నాలుగుసార్లు వినబడుతుంది. నూట పన్నెండు దగ్గర భూతం ఏమీ అనదు. ఘంటం పట్టుకుని ముందు వరసలో కూర్చున్న పైడమ్మ తన చేత్తో రాసిన ఆకు పైకెత్తి అందరికీ చూపిస్తుంది.